చీకట్లో చెప్పులు

మొన్న ఆదివారం పొద్దున మా మనవరాలు రెండు గోలీల షీట్లు పట్టుకొచ్చి నా ముందు చతికిలబడింది. ఒకటి వాళ్ళ నాన్నది, ఇంకోటి నాది. శంషాబాదులో చలి మొదలైందంటే మా తండ్రీకొడుకులిద్దరికీ తుమ్ములు మొదలైనట్టే.

"తాతా, నాన్నది సెట్రిజిన్. 10 మిల్లీగ్రాములు. నీది లెవోసెట్రిజిన్. 5 మాత్రమే. ఇద్దరికీ ఒకటే తుమ్ములాయె. నీకు సగమే ఎందుకిచ్చిండు డాక్టరు?"

ఏడో తరగతి పిల్ల. నా ఉద్యోగమంతా ఈ ప్రశ్న చుట్టే గడిచిందని దానికి తెలియదు. నాకైతే ఆ పొద్దు పండగే అయింది.

"సగమియ్యలేదు బిడ్డా. నాన్న గోలీలో మందు రెండు తీర్ల ఉంటది. ఒకటి పని చేసేది, ఒకటి దాని అద్దంలో బొమ్మ. నా గోలీలో ఆ అద్దంలో బొమ్మను తీసేసి, పని చేసేదొక్కటే పెట్టిండ్రు."

"అద్దంలో బొమ్మ అంటే?"

గడప అవతల విడిచిన చెప్పులు చూపించాను. కుడి చెప్పూ ఎడమ చెప్పూ ఒకే తోలు, ఒకే కుట్టు. తక్కెట్లో పెడితే ముల్లు అటూ ఇటూ ఒరగదు. కుడి చెప్పును అద్దం ముందు పెడితే లోపల కనిపించేది ఎడమ చెప్పు. తిప్పినా, బోర్లించినా, తలకిందులు చేసినా కుడిది ఎడమది కాదు. మందు అణువుల్లోనూ ఇదే వరస. కార్బన్ పరమాణువుకు నాలుగు చేతులుంటాయి. ఆ నాలుగింటికీ నాలుగు వేరువేరు ముక్కలు తగిలించాలంటే రెండే తీర్లున్నాయి, ఆ రెండూ ఒకదానికొకటి అద్దంలో బొమ్మలు. సెట్రిజిన్ అణువులో అలాంటి కార్బన్ ఒకటుంది. దాన్ని మామూలు పద్ధతిలో తయారు చేస్తే రెండు రకాలూ సగం సగం పుడతాయి. తుమ్ములు ఆపే పని ముఖ్యంగా అందులో ఒక రకానిదే. అందుకే నాన్న 10లోనూ నా 5లోనూ పని చేసే సరుకు సమానం.

"బరువు ఒకటే, రంగు ఒకటే అయితే, ఏది ఏదో ఎట్ల తెలుస్తది?"

"రాత్రి కరెంటు పోయినప్పుడు బయటికి పోవాల్నంటే నీ చెప్పు కుడిదో ఎడమదో నీకెట్ల తెలుస్తది?"

కాసేపు ఆలోచించి, "కాలు పెడితే తెలుస్తది" అంది.

ఈ మాట గట్టిగా పట్టుకుంటే మిగతా కథంతా అందులోంచే వస్తుంది. చెప్పు ఎటుదో కాలికి తెలుస్తుంది, ఎందుకంటే కాలికే కుడి ఎడమలున్నాయి. కర్రతో పొడిచి చూస్తే తెలియదు. కర్రకు కుడీ లేదు, ఎడమా లేదు. తక్కెడ, థర్మామీటరు, జల్లెడ అన్నీ ఈ విషయంలో కర్రలాంటివే. జంట అణువులు రెండూ ఒకే వేడికి కరుగుతాయి, ఒకే జల్లెడలో దిగుతాయి. వాటిని వేరు చేయాలంటే తనకూ కుడి ఎడమలున్న వస్తువేదో మధ్యవర్తిగా కావాలి.

అలాంటి మధ్యవర్తి మన ముఖాన ఒకటుంది. పిల్లను వంటింట్లోకి తీసుకుపోయాను. కోడలు తెచ్చిన పుదీనా కట్టలోంచి రెండాకులు దాని అరచేతిలో నలిపించాను. తరవాత పెరట్లో ముదిరి గింజ పట్టిన సోయకూర నుంచి నాలుగు గింజలు దూసి రెండో చేతిలో నలిపించాను. ఒక చెయ్యి వాసన చూసి చట్నీ అంది, రెండో చెయ్యి చూసి ఆదివారం కూర అంది. ఆ రెండు వాసనల్లోనూ పెద్ద పాత్ర కార్వోన్ అనే ఒకే పదార్థానిది. పుదీనాలో ఎడమ చెప్పయితే సోయ గింజలో కుడి చెప్పు, అంతే తేడా. ముక్కులో వాసన పట్టే ప్రోటీన్లకు కుడి ఎడమలున్నాయి కనుక అవి రెంటినీ రెండు వాసనలుగా చెబుతాయి. పిల్ల రెండు చేతులూ మార్చి మార్చి చాలాసేపు మూచూసింది. చేతులు కడుక్కోమంటే ఒప్పుకోలేదు.

మనిషి ఈ జంటను మొదట వేరు చేసింది మాత్రం ముక్కుతో కాదు, పట్టకారుతో. 1848లో పారిస్‌లో లూయీ పాశ్చర్ చేశాడు. అప్పటికి అతనికి 25 ఏళ్ళు. అతను పట్టుకున్నది మనకు బాగా దగ్గరి చుట్టం, టార్టారిక్ ఆమ్లం. మన చారులో చింతపండు పులుపు ముఖ్యంగా దానిదే. ద్రాక్షలోనూ అదే ఉంటుంది. ఈ హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలు ఎన్నుండేవో నా వయసు వాళ్ళకు గుర్తే. చింతకాయ, ద్రాక్ష రెండూ ఆ ఆమ్లాన్ని ఒకే చేతివాటంగా తయారు చేస్తాయి. ద్రాక్షసారా పీపాల అడుగున అప్పుడప్పుడూ దొరికే ఇంకో రకం మాత్రం, అన్ని పరీక్షల్లో అచ్చం దానిలాగే ఉండి, తనగుండా పోయే ధ్రువిత కాంతిని దానిలాగ ఒక పక్కకు తిప్పేది కాదు. పాశ్చర్ దాని లవణాన్ని స్ఫటికాలు కట్టించి భూతద్దం కింద చూశాడు. కొన్నిటి అంచు కుడికి వాలింది, కొన్నిటిది ఎడమకు. బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కొక్కటే ఏరి రెండు కుప్పలు పోశాడు. ఒక కుప్పను కరిగించిన నీళ్ళు కాంతిని కుడికి తిప్పాయి, రెండో కుప్పను కరిగించిన నీళ్ళు అంతే మేర ఎడమకు తిప్పాయి. బియో అనే 74 ఏళ్ళ శాస్త్రవేత్త నమ్మక, తన కళ్ళముందే మళ్ళీ చేయించుకుని చూశాడు. సగం సగం కలిసిన సరుకును ఈనాటికీ ప్రయోగశాలల్లో రేసిమిక్ అంటాం. ఆ మాట లాటిన్‌లో ద్రాక్షగుత్తి పేరునుంచే వచ్చింది.

ఇందులో నాకెప్పుడూ ఆశ్చర్యమనిపించే సంగతి ఒకటుంది. ఆ లవణం కుడి ఎడమ స్ఫటికాలుగా విడిగా కట్టేది సుమారు 27 డిగ్రీల లోపు చల్లదనంలోనే. అంతకన్నా వేడైతే రెండూ కలిసి ఒకే స్ఫటికంలో ఇరుక్కుంటాయి. అదే పని శంషాబాదులో ఏప్రిల్ నెలలో, ఫ్యాను కింద కూచుని చేసి ఉంటే ఏరడానికి ఏమీ ఉండేది కాదు.

పట్టకారుతో ఏరే అదృష్టం ఏ కొద్ది పదార్థాలకో దక్కుతుంది. పాశ్చరే 1853 నాటికి ఇంకా మంచి దారి చూపించాడు: కుడి ఎడమలున్న ఆమ్లాన్ని కుడి ఎడమలున్న క్షారంతో జత కట్టించడం. కుడికాలు కుడి చెప్పులో ఉన్న జత, కుడికాలు ఎడమ చెప్పులో ఉన్న జత ఇక అద్దంలో బొమ్మలు కావు. ఒకటి తిన్నగా నడుస్తుంది, ఒకటి కుంటుతుంది. ఒకటి ముందు స్ఫటికమై అడుక్కు దిగుతుంది, రెండోది ద్రవంలో మిగిలిపోతుంది. నా లెవోసెట్రిజిన్‌కు తెలిసిన తయారీ మార్గాల్లో ఒకదాంట్లో, ముడిసరుకు దశలో ఉన్న అమీన్ అనే క్షారాన్ని ఇలాగే టార్టారిక్ ఆమ్లంతో జతకట్టి విడదీస్తారు. అంటే చారులోని పులుపు చుట్టం నా గోలీని వేరు చేసి పెట్టిందన్నమాట. ఇది చెప్పేసరికి మా పిల్ల చింతపండు డబ్బా మూత తీసి మరీ చూసింది.

తయారు చేయడం ఒక పనైతే, పూర్తిగా వేరయిందా లేదా అని తేల్చడం ఇంకో పని. నేను బతికింది ఆ రెండో పనిలో. వంద చెప్పుల్లో 99 కుడివీ ఒకటి ఎడమదీ ఉంటే, ఆ ఒక్కదాన్ని పట్టి చూపించాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే థాలిడోమైడ్ కథ చెప్పాలి. 1957లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన నిద్రమందు అది. వేవిళ్ళకు కూడా వాడారు. 1961లో ఆపేసే లోపు పదివేల మందికి పైగా పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగా ఏర్పడకుండా పుట్టారు. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారిణి ఆధారాలు చాలవని పట్టుబట్టి అనుమతి ఇవ్వలేదు. ఒక చేతి అణువు మంచిది, రెండోది చెడ్డది, వేరు చేసి ఉంటే పిల్లలు బతికిపోయేవారు అని చాలా పుస్తకాల్లో రాస్తారు. ఆ మాట సరికాదు. థాలిడోమైడ్ ఒంట్లోకి వెళ్ళాక తనంత తానే కుడి ఎడమలు మార్చుకుంటుంది, ఏది మింగినా రెండూ తయారవుతాయి. కాబట్టి ఏ చేయి ఏం చేస్తుందో, ఒంట్లోకి వెళ్ళాక ఏమవుతుందో, మందుమందుకూ విడిగా చూసుకోవాల్సిందే. 1992లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ సరిగ్గా ఈ మాటే చెప్పింది: జంటలో ప్రతిదాన్నీ విడిగా కొలిచే పద్ధతి మొదట్లోనే తయారు చేసుకోండి అని.

ఆ మాట మన ఊరికి సూటిగా తగిలింది. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చినవాళ్ళు చుట్టుపక్కల ఎన్ని మందుల ఫ్యాక్టరీలు పెట్టారో తెలిసిందే. అక్కడ పనిచేసి వచ్చిన కల్లం అంజిరెడ్డిగారు 1984లో పెట్టిన డాక్టర్ రెడ్డీస్ 2008లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కైరోటెక్ అనే విభాగాన్ని కొన్నది. దాని పనే ఈ కుడి ఎడమల రసాయనం. మా ఊళ్ళో విమానాశ్రయం తెరిచింది కూడా ఆ ఏడాది మార్చిలోనే. దేశంలో మందుల కోసమే ప్రత్యేకంగా కార్గోలో ఒక విభాగం మొదట ఏర్పడింది ఇక్కడే. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాల్సినవి ఒకచోట, 15 నుంచి 25 మధ్య ఉంచాల్సినవి ఒకచోట. ఇంటి మీదుగా సరుకు విమానం లేచినప్పుడల్లా, దాని కడుపులో ఎన్ని పెట్టెలున్నాయో, ఒక్కో పెట్టె వెనక ఏ కుర్రవాడు రాత్రంతా కూచుని కుడి ఎడమలు లెక్కపెట్టాడో అనుకుంటాను.

ఇక ఆ లెక్క ఎలా పెడతారో చెప్పాలి. అందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి పేరు కొంచెం పొడుగు: కేపిల్లరీ ఎలక్ట్రోక్రొమటోగ్రఫీ. మా పిల్ల దానికి "కరెంటు గొట్టం" అని పేరు పెట్టింది. ఆ పేరే వాడతాను.

గొట్టం సిలికాతో చేసింది. బయట గోధుమరంగు పూత ఉంటుంది, అది లేకపోతే వంచగానే పుటుక్కుమంటుంది. లోపలి రంధ్రం 75 నుంచి 100 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక దూరేంత. ఆ రంధ్రంలో 3 నుంచి 5 మైక్రాన్ల సిలికా పూసలు కూరుతారు. మన ఎర్ర రక్తకణం కన్నా చిన్న పూసలు. బయటికి రాకుండా రెండు చోట్ల అడ్డు కడతారు. గొట్టం రెండు కొసలూ రెండు చిన్న సీసాల్లో ముంచి, వాటి మధ్య 20 వేల నుంచి 30 వేల వోల్టులు పెడతారు. మా ఉందానగర్ స్టేషన్లో రైలు నెత్తిన తీగలో ఉండేది 25 వేలు. కాకపోతే ఈ గొట్టంలో పారే కరెంటు మైక్రోఆంపియర్లలోనే.

పంపు లేదు, మరి ద్రవం ఎలా కదులుతుంది? సిలికా గోడలకూ పూసలకూ ద్రవంలో రుణ విద్యుత్తు అంటుకుని ఉంటుంది. వాటిని ఆనుకుని ద్రవంలోని ధన అయాన్లు బారులు తీరతాయి. కరెంటు పెట్టగానే ఆ బారు రుణధ్రువం వైపు నడక మొదలుపెడుతుంది, తనతో ద్రవం మొత్తాన్నీ లాక్కుపోతుంది. పెద్ద జంపఖానా అంచులు నలుగురూ పట్టుకుని నడిస్తే మధ్యలో కూచున్న పిల్ల కూడా అదే వేగంతో కదలదూ, అలాగ. పంపుతో తోస్తే కాలవలో నీళ్ళలాగ నడుమ జోరుగా, ఒడ్డున నెమ్మదిగా పోతాయి. కలిసి బయల్దేరిన అణువులు వెనకా ముందూ చెదిరిపోతాయి. విమానాశ్రయంలో సామాన్లు వచ్చే బెల్టు చూడండి. అంచున పెట్టిన సంచీ, నడుమ పెట్టిన పెట్టె ఒకే వేగంతో వస్తాయి. కరెంటు గొట్టంలో ద్రవం ఆ బెల్టులాగ కదులుతుంది కనుక గుంపులు చెదరవు.

అయితే కరెంటుకు కుడి ఎడమలు తెలియవు. జంటలో రెంటికీ విద్యుదావేశం ఒకటే, పరిమాణం ఒకటే. బెల్టు రెంటినీ ఒకేలా మోసుకుపోతుంది. ఏది ఏదో తేల్చే పని పూసల మీద అతికించిన పదార్థానిది. చీకట్లో కాలు అదే.

ఆ కాలు ఎక్కడినుంచి తెచ్చారో వింటే ముచ్చటేస్తుంది. ఒకటి గంజినుంచి. గంజిలోని పిండిపదార్థాన్ని ఒక రకం ఎంజైముతో కోస్తే గ్లూకోజులు ఆరో ఏడో ఎనిమిదో గుండ్రంగా చేతులు పట్టుకుని అడుగులేని గ్లాసులాగ తయారవుతాయి. వాటి పేరు సైక్లోడెక్స్‌ట్రిన్. మొక్క చేసిన గ్లూకోజు ఒకే చేతివాటంది కనుక గ్లాసుకూ చేతివాటం ఉంటుంది. ఇంకొకటి పత్తినుంచి. అందులోని సెల్యులోజుకు కొన్ని గుంపులు తగిలించి జపాన్‌లో యోషియో ఒకమోతో తయారు చేసిన పదార్థాలు ఇవాళ ప్రపంచమంతటా వాడుతున్నారు. ఆయనకు 2019లో జపాన్ ప్రైజ్ ఇచ్చారు. ఆ తరహా గొట్టాలమ్మే డైసెల్ కంపెనీకి మన శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో ప్రయోగశాల ఉంది. శామీర్‌పేట ఉత్తరాన, శంషాబాదు దక్షిణాన. పేర్లు విని ఒకటనుకున్న చుట్టాలు ఆ కొసనుంచి ఈ కొసకు ఔటర్ రింగురోడ్డు మీద తిరిగి రావడం మా ఇంట్లో రెండుసార్లు జరిగింది.

మూడో కాలు వాంకోమైసిన్. మొండి ఇన్ఫెక్షన్లకు ఆసుపత్రుల్లో ఎక్కించే ఆంటీబయాటిక్కే. దాని ఒక్క అణువులో కుడి ఎడమలు తేల్చే కేంద్రాలు 18 ఉన్నాయి. అమెరికాలో డేనియల్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1994లో దాన్ని పూసలకు అతికించి చూపించాడు. అంత చిక్కుముడి అణువును ముక్క ముక్కగా కట్టే పనికి ఆ రోజుల్లోనే తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో అల్లా వెంకట రామారావుగారి బృందం పూనుకుంది. గుంటూరులో పుట్టి, ఆ సంస్థకు 1985 నుంచి పదేళ్ళు డైరెక్టరుగా ఉన్నాయన. 18 చోట్ల ఒక్కచోట చేయి తప్పినా అది వేరే అణువైపోతుంది. అలాంటి పనికి దిగినవాళ్ళంటే నాకు ఎంతో గౌరవం.

ఇక్కడో సూక్ష్మం ఉంది. కాలు చెప్పును గట్టిగా పట్టేసుకుంటే లాభం లేదు, అణువు అక్కడే అతుక్కుపోతుంది. వదులుగా పట్టాలి, వదలాలి, మళ్ళీ పట్టాలి. ఒక్కసారి పట్టినప్పుడు కుడి ఎడమల మధ్య తేడా ఎంతో స్వల్పం. కానీ గొట్టం ఈ కొసనుంచి ఆ కొసకు చేరేలోపు వేలసార్లు పట్టుకుని వదిలేసరికి ఆ కాస్త తేడాలు పోగవుతాయి. ఒకటి ముందు చేరుతుంది, రెండోది వెనక.

దాదాపు ఇరవై ఏళ్ళ కింద ఒక రాత్రి నేను గుండెజబ్బు మందు ఒకటి పెట్టుకుని కూచున్నాను. తెర మీద గీతలో ఒకటే గుట్ట వస్తోంది, అంటే కుడీ ఎడమా ఇంకా కలిసే చేరుతున్నాయి. ద్రవంలో పాళ్ళు మార్చాను. గుట్ట నెత్తిన చిన్న నొక్కు పడింది. మళ్ళీ మార్చాను. అంతలో కరెంటు రీడింగు ఒక్కసారిగా సున్నాకు పడిపోయింది. పూసల కూర్పు అయిపోయి ఖాళీ గొట్టం మొదలయ్యే చోట కంటికి ఆనని గాలిబుడగ. తలవెంట్రుకంత దారిలో బుడగ పడితే ఇక దారే లేదు. ఈ పద్ధతికి ఉన్న పెద్ద జబ్బు అదే. ద్రవంలోంచి గాలి తీసేసి, రెండు సీసాల వైపునుంచీ నైట్రోజన్ ఒత్తిడి సమానంగా పెట్టి, మళ్ళీ మొదలుపెట్టేసరికి అర్ధరాత్రి దాటింది. అప్పుడొచ్చాయి రెండు గుట్టలు. మధ్యలో లోయ దిగి దిగి అడుగు గీతను తాకింది. పక్కన ఎవరూ లేరు చూపించడానికి. కాగితం మీద అచ్చు తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాను, పొద్దున మా ఆవిడకు చూపించాను.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1974లో దక్షిణాఫ్రికాలో ప్రిటోరియస్, అతని జతగాళ్ళు పంపు బదులు కరెంటు వాడొచ్చని చూపారు. 1981లో అమెరికాలో జోర్గెన్‌సన్, ల్యూకాచ్ సన్న గొట్టంలో చేసి చూపారు. ఫ్యాక్టరీల్లో రోజువారీ తనిఖీకి ఇప్పటికీ పంపు పద్ధతే ఎక్కువ. అది మొండిది, బుడగలకు లొంగదు. కానీ మామూలు పంపు యంత్రం నిమిషానికి ఒక మిల్లీలీటరు చొప్పున రోజంతా నడిస్తే దాదాపు లీటరున్నర ద్రావకం పారబోయాలి. కరెంటు గొట్టం రోజంతా నడిచినా అర మిల్లీలీటరు దాటదు. ఆ పారబోసే ద్రావకం ఎటు పోతుందో మన చెరువుల పక్కన బతికినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అందుకే ఆ బుడగ జబ్బు కుదిర్చే దారి చూడాలని నాకు ఇంకా ఆశ. పూసలకు బదులు గొట్టంలోనే స్పంజిలాంటి దిమ్మ పోత పోస్తే అడ్డులే అక్కర్లేదు, ఆ పని చాలాచోట్ల సాగుతోంది.

"మన ఒంట్ల కూడా ఇట్లాంటి గొట్టం ఉన్నదా తాతా?" అని అడిగింది పిల్ల.

గొట్టం లేదు కానీ కాపలావాడున్నాడు. మన ప్రోటీన్లు కట్టే అమైనో ఆమ్లాలు ఎడమ వాటంవే. కుడివి పొరపాటున ఆ పనిలోకి దూరితే ప్రోటీను చెడుతుంది. అలా దూరిన కుడివాటిని తెంపి బయట పారేసే ఎంజైము ఒకటి బ్యాక్టీరియా నుంచి మన దాకా ఉంది, డీటీడీ అంటారు. అది కుడి ఎడమలను ఎలా పోలుస్తుందో తేల్చింది ఐఐసీటీ పక్కనే ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో రాజన్ శంకరనారాయణన్ బృందం. 2013లో బయటపెట్టారు. ఆయనకు 2020 ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. వాళ్ళు చెప్పిందేమంటే, ఆ ఎంజైము కుడిదాన్ని గుర్తుపట్టి పట్టుకోవడం కాదు, ఎడమదాన్ని మాత్రం లోపలికి చచ్చినా రానివ్వదు. మిగిలింది కుడిదే కాబట్టి దాన్ని తెంపేస్తుంది. సక్రమంగా ఉన్న ఎడమవి ఆ కత్తి కింద పడకుండా బతకడం అందువల్లే.

సాయంత్రం ఏడింటికి కరెంటు పోయింది. పైన విమానం దిగుతున్న చప్పుడు వినిపించి పిల్ల దీపాలు చూద్దామని వాకిట్లోకి పరుగెత్తింది. గడప దగ్గర కాసేపు తడుములాట వినిపించింది.

"తాతా, ఇవి నీ చెప్పులు. నా కాలికి బాగ వదులున్నయి."

"మరి ఏది కుడిదో తెలుస్తున్నదా?"

చెప్పు నేలకు రాసుకున్న చప్పుడు, మళ్ళీ ఒక చప్పుడు.

"తెలుస్తున్నది. వదులున్నా తెలుస్తున్నది."